లిన్ జెషు

లిన్ జెషు (1785 ఆగష్టు 30 - 1850 నవంబరు 22) చైనాను చింగ్ వంశం పాలించిన కాలానికి చెందిన పండితుడు, కవి, పరిపాలనాదక్షుడు. నల్లమందు వ్యసనానికి, ఆ సరకు దొంగ రవాణాకు వ్యతిరేకంగా ఈయన జరిపిన పోరాటం ప్రపంచ చరిత్రలో ప్రసిద్ధమైనది. 1839లో దక్షిణ చైనాలోని హూమెన్ వద్ద 20 వేల పెట్టెలకు పైగా నల్లమందును ఈయన నాశనం చేయించాడు. ఆ సంఘటన బ్రిటన్, చైనాల మధ్య యుద్ధానికి దారితీసింది. మొదటి నల్లమందు యుద్ధంగా పేరొందిన ఆ యుద్ధంలో చైనా ఓడిపోగా, నింద లిన్ జెషు పైన పడింది. పదవి పోగొట్టుకొని, దేశపు పశ్చిమ సరిహద్దున ప్రవాసశిక్ష అనుభవించవలసి వచ్చింది. మత్తుపదార్థం అమ్మేవారిని కఠినంగా శిక్షించడంతో పాటు, దానికి బానిసలైనవారికి చికిత్స కూడా అందాలని పట్టుబట్టిన పాలకునిగా ఈయన జీవితం ప్రజారోగ్య చరిత్రలోనూ అధ్యయనం చేయదగినది.

బాల్యం, విద్యాభ్యాసం

లిన్ జెషు చైనా ఆగ్నేయ తీరంలోని ఫూజియన్ రాష్ట్రంలో, ఫూజౌ నగరంలో జన్మించాడు. తండ్రి లిన్ బిన్‌రి పేద ఉపాధ్యాయుడు. ప్రభుత్వోద్యోగ పరీక్షలలో పై మెట్టు ఎక్కలేక, పిల్లలకు పాఠాలు చెప్పి కుటుంబాన్ని పోషించేవాడు. ఆ రాబడి చాలక తల్లి కాగితపు పూలు, అలంకరణ వస్తువులు చేసి అమ్మేది. ఇంటిలో పేదరికమున్నా చదువుకు లోటు రానీయలేదు. తండ్రి వద్దనే అక్షరాభ్యాసం చేసిన లిన్, చిన్నతనంలోనే కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలను వల్లెవేశాడు.

ఆనాటి చైనాలో ఉన్నతోద్యోగం కావాలంటే జిల్లా, రాష్ట్ర, రాజధాని స్థాయిలలో మూడు పరీక్షలు దాటాలి. లిన్ పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులోనే మొదటి మెట్టు దాటాడు. 1804లో రాష్ట్రస్థాయి పరీక్షలోను, 1811లో రాజధానిలో జరిగే అత్యున్నత పరీక్షలోను ఉత్తీర్ణుడయ్యాడు. మధ్యకాలంలో ఫూజియన్ రాష్ట్రపాలకుని కార్యాలయంలో లేఖకునిగా పనిచేసి, దస్త్రాలు నడిపే పద్ధతిని, ప్రజల ఇబ్బందులను దగ్గరగా చూశాడు. 1811 తరువాత ఈయనకు రాజధాని బీజింగులోని హాన్‌లిన్ పండిత పరిషత్తులో స్థానం లభించింది.

ఉద్యోగ జీవితం

1820 నుండి లిన్ రాష్ట్రాలలో వివిధ పదవులు నిర్వహించాడు. కాలువలు, గట్లు, వరద నివారణ, ధాన్యం రవాణా, న్యాయవిచారణ మొదలైన విషయాలలో ఈయనకు మంచి అనుభవం కలిగింది. జియాంగ్‌సు రాష్ట్రంలో న్యాయాధికారిగా ఉండగా, ఏళ్ళ తరబడి తేలకుండా ఉన్న కేసులను స్వయంగా పరిశీలించి తీర్పు చెప్పేవాడు. లంచం ముట్టని అధికారి కావడం వలన ప్రజలు ఈయనను నిర్మలమైన ఆకాశంతో పోల్చి, లిన్ నీలాకాశం అని పిలుచుకున్నారు. 1831లో పసుపు నది గట్ల పర్యవేక్షణాధికారిగా, 1832లో జియాంగ్‌సు రాష్ట్రపాలకునిగా, 1837లో హూబెయ్, హూనాన్ రాష్ట్రాలకు కలిపి గవర్నరు జనరలుగా నియమితుడయ్యాడు.

చైనాలో నల్లమందు సమస్య

తెలుగువారి వంటింటిలో కనిపించే గసగసాలు, నల్లమందు ఒకే మొక్క నుండి వస్తాయి. పచ్చి కాయకు గాటు పెట్టినపుడు కారే పాలు గడ్డకట్టి నల్లమందు అవుతుంది. నొప్పిని, దగ్గును, విరేచనాలను తగ్గించే ఔషధంగా ఇది చైనాలో చాలాకాలంగా వాడుకలో ఉన్నది. దానిని పొగగా పీల్చే అలవాటు మాత్రం పొగాకు వచ్చిన తరువాతనే మొదలయింది. అమెరికా ఖండపు పంట అయిన పొగాకు ఫిలిప్పీన్స్ మీదుగా చైనాకు చేరి, 17వ శతాబ్దంలో వ్యాపించింది. పొగాకులో నల్లమందు కలిపి పీల్చడం తరువాత దశ. 18వ శతాబ్దం చివరికి పొగాకును వదలి, శుద్ధి చేసిన నల్లమందునే ప్రత్యేకమైన గొట్టాలలో దీపపు సెగపై వేడిచేసి పీల్చే పద్ధతి స్థిరపడింది. ఈ విధంగా ఒక వ్యసనం మరొక వ్యసనానికి దారి వేసింది.

పొగగా పీల్చిన మందు ఊపిరితిత్తుల ద్వారా రక్తంలో కలిసి త్వరగా మెదడుకు చేరుతుంది. శరీరం దానికి అలవాటు పడినకొద్దీ మోతాదు పెరుగుతుంది. మానివేస్తే ఆవులింతలు, కళ్ళనుండి ముక్కునుండి నీరు కారడం, ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం వంటి బాధలు కలుగుతాయి. ఆ బాధకు జడిసి రోగి మరల గొట్టం పట్టుకుంటాడు.

1729లో చింగ్ చక్రవర్తి నల్లమందు పొగశాలలను నిషేధించాడు. అప్పటికి చైనాకు ఏటా సుమారు 200 పెట్టెల సరకు మాత్రమే వచ్చేది. నిషేధాలు ఎన్ని వచ్చినా దిగుమతి పెరుగుతూనే పోయి, 1838 నాటికి ఏటా సుమారు 40 వేల పెట్టెలకు చేరింది. ఒక్కొక్క పెట్టెలో 60 కిలోలకు పైగా నల్లమందు ఉండేది.

ఈ సరకులో అధికభాగం భారతదేశం నుండి వెళ్ళినదే. ఈస్టిండియా కంపెనీ 1773లో బెంగాలు నల్లమందుపై గుత్తాధిపత్యం చేపట్టింది. బీహారు, కాశీ ప్రాంతపు రైతులకు ముందుగా బయానా ఇచ్చి గసగసాల పంట వేయించి, పాట్నా, ఘాజీపూరులలోని కర్మాగారాలలో సరకు తయారుచేయించి, కలకత్తాలో వేలం వేసేది. మాళవ ప్రాంతపు సరకు బొంబాయి మీదుగా వెళ్ళేది. చైనాలో నిషేధమున్నందున కంపెనీ తన ఓడలలో దానిని తీసుకువెళ్ళక, వేలంలో కొన్న ప్రైవేటు వర్తకులకు ఆ పని వదిలివేసింది. చైనా తేయాకుకు, పట్టుకు బ్రిటన్‌లో గిరాకీ ఎక్కువ, బ్రిటిషు సరకులకు చైనాలో గిరాకీ తక్కువ. ఈ తేడాను నల్లమందు పూడ్చింది. బ్రిటిషు ఇండియా ప్రభుత్వ ఆదాయంలో అది ముఖ్యమైన పద్దుగా మారింది.

వర్తకుల ఓడలు కాంటన్ (గ్వాంగ్‌జౌ) నదీముఖం వద్ద ఆగేవి. అక్కడి నుండి చైనా దొంగ రవాణాదారులు వేగంగా నడిచే తెడ్ల పడవలలో సరకును ఒడ్డుకు చేర్చేవారు. అడ్డుకోవలసిన అధికారులు, కాపలా సైనికులే లంచాలు తీసుకొని, కంచే చేను మేసినట్లు ప్రవర్తించేవారు. సైనికులలో, కచేరీ ఉద్యోగులలో కూడా వ్యసనపరులు ఎక్కువయ్యారు. చెల్లింపుల రూపంలో వెండి దేశం దాటిపోవడంతో దాని ధర పెరిగింది. పూర్వం 1,000 రాగి నాణేలకు వచ్చే వెండికి 1830వ దశకం చివరలో సుమారు 1,600 నాణేలు ఇవ్వవలసి వచ్చేది. రాగి నాణేలు సంపాదించి వెండిలో పన్ను కట్టే రైతులపై, నల్లమందు ముఖం చూడనివారిపై కూడా, ఈ భారం పడింది.

నిషేధంపై చర్చ

1836లో షు నైజి అనే అధికారి ఒక ప్రతిపాదన చేశాడు. నిషేధం విఫలమైనందున నల్లమందును ఔషధంగా చట్టబద్ధం చేసి సుంకం విధించాలని, ఉద్యోగులకు, సైనికులకు మాత్రం నిషేధం కొనసాగించాలని ఆయన వాదం. చక్రవర్తి దావ్‌గ్వాంగ్ దీనిని అంగీకరించలేదు. 1838లో హ్వాంగ్ జ్యుయెజి అనే మరొక అధికారి దీనికి పూర్తి విరుద్ధమైన సూచన చేశాడు. కొనేవాడు ఉన్నంతకాలం అమ్మేవాడు ఉంటాడు కనుక, పీల్చేవారికి ఒక సంవత్సరం గడువు ఇచ్చి, అప్పటికీ మానకపోతే మరణశిక్ష విధించాలని ఆయన కోరాడు.

చక్రవర్తి దీనిపై రాష్ట్రాల ఉన్నతాధికారుల అభిప్రాయం అడిగాడు. వ్యసనపరులకు మరణశిక్ష విధించడాన్ని ఎక్కువమంది సమర్థించలేదు. సమర్థించిన కొద్దిమందిలో లిన్ ఒకడు. అయితే గడువు కాలాన్ని భాగాలుగా విభజించి క్రమంగా శిక్ష పెంచడం, గొట్టాలను, పరికరాలను స్వాధీనం చేసుకోవడం, పొగశాలలు నడిపేవారిని ముందుగా పట్టుకోవడం, వ్యసనపరులకు మందులు అందజేయడం వంటి ఆరు అంశాల పథకాన్ని ఈయన జోడించాడు. ఇప్పుడు ఉపేక్షిస్తే కొన్ని దశాబ్దాలకు దేశాన్ని కాపాడే సైనికులు గాని, వారికి జీతమిచ్చే వెండి గాని మిగలవని హెచ్చరించాడు. ఆ మాటలు చక్రవర్తి మనసుకు నాటాయని చరిత్రకారులు చెబుతారు.

వ్యసనానికి చికిత్స

లిన్ పథకంలో చికిత్సకు ఇచ్చిన స్థానం గమనించదగినది. ఈయన అంతకు కొన్నేళ్ళ ముందే హె చీవెయ్ అనే వైద్యుని సహకారంతో నల్లమందు మాన్పించే మందుయోగాలను సేకరించాడు. 1838లో చక్రవర్తికి పంపిన నివేదికతో పాటు ఆ యోగాలను కూడా జతపరచాడు.

వీటిలో ముఖ్యమైనది రెండు రకాల మాత్రలు వాడే పద్ధతి. మొదటి రకంలో మూలికలతో పాటు కొద్దిగా నల్లమందు మసి కలిపేవారు. రెండవ రకంలో బలవర్ధకమైన మూలికలు మాత్రమే ఉండేవి. రోగి మొదట మొదటి రకం మాత్రలు తీసుకొని, తరువాత రోజుకొకటి చొప్పున తగ్గించుకుంటూ, తగ్గించిన ప్రతి మాత్రకు బదులు రెండవ రకం మాత్రలు రెండు వేసుకోవాలి. చివరకు మొదటి రకం పూర్తిగా ఆగిపోతుంది. మత్తుమందును ఒక్కసారిగా ఆపక, మోతాదును క్రమంగా తగ్గించే పద్ధతి నేటి వ్యసన విముక్తి వైద్యంలో కూడా ఉన్నది. ఆ మూలికల గుణం ఎట్లున్నా, శరీరపు అలవాటును మెల్లగా వదిలించాలనే సూత్రం సరియైనది. ఈ మాత్రలు లిన్ పేరుతో ఆ తరువాత కూడా చాలాకాలం వాడుకలో ఉన్నాయి.

తన పాలనలోని హూబెయ్, హూనాన్ రాష్ట్రాలలో లిన్ ఈ పథకాన్ని అమలుచేసి, వేలకొలది గొట్టాలను స్వాధీనం చేసుకొని ధ్వంసం చేయించాడు, మందులు పంపిణీ చేయించాడు. ఆ ఫలితాలు చూసి చక్రవర్తి ఈయనను బీజింగు పిలిపించి పలుమార్లు సంప్రదించాడు. 1838 డిసెంబరు 31న నల్లమందు నిర్మూలనకై సర్వాధికారాలు గల ప్రత్యేక రాజప్రతినిధిగా కాంటన్‌కు నియమించాడు.

కాంటన్‌లో చర్యలు

లిన్ 1839 మార్చి 10న కాంటన్ చేరాడు. విదేశీయులు వర్తకం చేయడానికి అప్పట్లో అనుమతి ఉన్న ఏకైక రేవు అదే. మొదట స్వదేశీయులపై దృష్టి పెట్టాడు. నల్లమందు వలన ఆరోగ్యానికి కలిగే హానిని వివరిస్తూ ప్రకటనలు వేయించాడు. రెండు నెలలలోగా సరకును, గొట్టాలను అప్పగించాలని ఆదేశించాడు. ఐదేసి మందిని ఒక జట్టుగా చేసి, ఒకరికొకరు పూచీ ఉండే ఏర్పాటు చేశాడు. సుమారు 600 మంది విద్యార్థులను పరీక్షకు పిలిచి, సంప్రదాయ ప్రశ్నలతో పాటు, అమ్మకందారులెవరో, వ్యసనాన్ని అరికట్టే మార్గమేమిటో రాయమని అడిగాడు. 1839 మే మధ్యనాటికి 1,600 మందికి పైగా అరెస్టయ్యారు. 40 వేలకు మించి గొట్టాలు స్వాధీనమయ్యాయి.

అదే సంవత్సరం జూన్‌లో చక్రవర్తి ప్రభుత్వం 39 అధికరణాలతో కొత్త చట్టం చేసింది. వ్యసనపరులకు 18 నెలల గడువు ఇచ్చి, ఆ తరువాత మరణశిక్ష అని ప్రకటించింది.

కాంటన్‌లో పీటర్ పార్కర్ అనే అమెరికన్ మిషనరీ వైద్యుడు 1835లో ఒక కంటి ఆసుపత్రి స్థాపించాడు. లిన్ ఆయనకు కబురు పంపి, నల్లమందు వ్యసనపరులందరికీ పనిచేసే మందు ఏదైనా పాశ్చాత్య వైద్యంలో ఉన్నదా అని అడిగించాడు. అటువంటి ఏకైక ఔషధమేదీ లేదని, రోగి స్థితిని బట్టి చికిత్స చేయవలసి ఉంటుందని పార్కర్ బదులు పంపాడు. లిన్‌కు గిలక వ్యాధి ఉన్నందున పార్కర్ దానికి నడుముపట్టీ పంపించాడు. రోగిని ఒక్కసారి కూడా చూడకుండానే ఆసుపత్రి దస్త్రంలో 6565వ సంఖ్యతో ఆయన పేరు నమోదు చేశాడు.

విదేశీయులను గురించి తెలుసుకోవడానికి లిన్ అనువాదకులను నియమించి, ఆంగ్ల పత్రికలను, పుస్తకాలను చైనా భాషలోకి చేయించాడు. వారిలో ఒకరు బెంగాలులోని శ్రీరాంపూరులో మిషనరీల వద్ద చదువుకున్నవాడు. వాటెల్ రచించిన అంతర్జాతీయ న్యాయ గ్రంథంలోని కొన్ని భాగాలు కూడా అనువాదమయ్యాయి. నిషిద్ధ వస్తువులను అడ్డుకునే హక్కు ప్రతి దేశానికీ ఉన్నదని ఈయన వాటి ద్వారా గ్రహించాడు.

హూమెన్ సంఘటన

మార్చి 18న లిన్ విదేశీ వర్తకులను తమ వద్దనున్న నల్లమందును అప్పగించాలని, ఇకపై తీసుకురాబోమని పూచీపత్రం రాసి ఇవ్వాలని ఆదేశించాడు. వారు కొద్దిపాటి సరకుతో సరిపెట్టబోయారు. లిన్ వర్తకాన్ని నిలిపివేసి, విదేశీయుల బసలను సైనికులతో ముట్టడింపజేశాడు. అందులో పనిచేసే చైనా సేవకులను వెళ్ళిపొమ్మన్నాడు. సుమారు 350 మంది విదేశీయులు ఆరు వారాలకు పైగా అక్కడే చిక్కుకుపోయారు.

బ్రిటిషు వాణిజ్య పర్యవేక్షకుడు చార్లెస్ ఎలియట్ సరకు అంతటినీ తనకు అప్పగించమని వర్తకులను ఆదేశించి, నష్టపరిహారాన్ని బ్రిటిషు ప్రభుత్వం ఇస్తుందని మాట ఇచ్చాడు. 20,283 పెట్టెలను లిన్‌కు అప్పగించడానికి ఒప్పుకున్నాడు. లిన్ తన విజయం పూర్తయినదని భావించాడు. కాని ఎలియట్ ఇచ్చిన మాటతో ఆ దొంగ సరకు బ్రిటిషు ప్రభుత్వపు ఆస్తిగా మారిపోయింది. యుద్ధానికి బీజం అక్కడే పడింది.

1839 జూన్ 3న హూమెన్ వద్ద సముద్రతీరాన నాశనం ప్రారంభమయింది. నల్లమందును కాల్చివేస్తే కరిగిన భాగం నేలలో ఇంకి, ఆ మట్టిని తవ్వి మరల మందు తీసే అవకాశం ఉంటుంది. అందువలన లిన్ అడుగున రాళ్ళు పరచిన మూడు పెద్ద గుంతలు తవ్వించాడు. వాటిలో ఉప్పునీరు నింపి, నల్లమందు ఉండలను ముక్కలు చేసి వేయించి, పైన సున్నం కలిపించాడు. సున్నపు వేడికి కుతకుత ఉడికి కరిగిన మడ్డిని పోటు తీసే సమయంలో తూముల ద్వారా సముద్రంలోకి వదిలేవారు. సుమారు 500 మంది కూలీలు పనిచేశారు. సరకు దొంగిలించకుండా వారిని తనిఖీ చేసేవారు. పని మొదలుపెట్టే ముందు లిన్ సముద్ర దేవతకు పూజ చేసి, ఈ మలినం వలన కలిగే బాధకు క్షమాపణ చెప్పుకొని, జలచరాలను కొంతకాలం దూరంగా తరలించమని ప్రార్థించాడు. వెయ్యి టన్నులకు మించిన సరకు మూడు వారాలలో నాశనమయింది. చైనావారు అంత విలువైన సరకును నిజంగా నాశనం చేస్తారని చాలామంది విదేశీయులు నమ్మలేదు. అమెరికన్ మిషనరీ ఎలైజా బ్రిడ్జ్‌మన్ స్వయంగా వెళ్ళి చూసి, ఆ పని నిజాయితీగా జరిగినదని నమోదు చేశాడు.

విక్టోరియా రాణికి లేఖ

1839లో లిన్ బ్రిటన్ రాణి విక్టోరియాను ఉద్దేశించి ఒక లేఖ రాశాడు. చైనా తేయాకు, పట్టు వంటి మేలైన వస్తువులు పంపుతుండగా, బదులుగా విషాన్ని పంపడం న్యాయమా అని అందులో ధర్మబద్ధంగా ప్రశ్నించాడు. లేఖ ఒక ఓడ కెప్టెను ద్వారా లండను వెళ్ళినా బ్రిటిషు విదేశాంగ కార్యాలయం స్వీకరించలేదు. అయితే లండనులోని టైమ్స్ పత్రికలో అది అచ్చయింది.

ఈ లేఖలో ఒక పొరపాటు ఉన్నది. బ్రిటన్‌లో నల్లమందు నిషిద్ధమని, తమ ప్రజలకు కూడదన్న వస్తువును ఇతరులకు అమ్ముతున్నారని లిన్ నమ్మాడు. నిజానికి ఆ కాలంలో బ్రిటన్‌లో నల్లమందును సారాయిలో కలిపి తయారుచేసిన ద్రావకం మందుల దుకాణాలలో అడ్డులేకుండా అమ్మేవారు. పసిపిల్లలకు కూడా పట్టేవారు.

యుద్ధం, పదవీచ్యుతి

1839 జులైలో కౌలూన్ వద్ద తాగిన మైకంలో ఉన్న విదేశీ నావికులు ఒక చైనా గ్రామస్థుని కొట్టి చంపారు. దోషిని అప్పగించడానికి ఎలియట్ నిరాకరించడంతో విరోధం ముదిరి, నవంబరులో రెండు పక్షాల నౌకల మధ్య పోరు జరిగింది. 1840 ఏప్రిల్‌లో బ్రిటిషు కామన్స్ సభలో ప్రభుత్వ విధానంపై అభిశంసన తీర్మానం కేవలం 9 ఓట్ల తేడాతో వీగిపోయింది. గ్లాడ్‌స్టన్ వంటివారు ఈ యుద్ధం అన్యాయమని వాదించినా ఫలితం లేకపోయింది.

1840 జూన్‌లో సుమారు 4,000 మంది సైనికులతో బ్రిటిషు నౌకాదళం చైనా చేరింది. ఈ యుద్ధానికి భారతదేశం నుండి కూడా సైనికులను తరలించారు. మద్రాసు దేశీయ పదాతిదళపు 37వ రెజిమెంటు వారిలో ఉన్నది. కోస్తా ఆంధ్ర, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలో భాగాలు. ఈ విధంగా భారతీయ రైతు పండించిన సరకు కోసం, భారతీయ సిపాయి చైనాలో పోరాడవలసి వచ్చింది.

లిన్ కాంటన్ రక్షణకు ఏర్పాట్లు చేసి ఉన్నాడు. బ్రిటిషు నౌకలు అక్కడ ఆగక ఉత్తరానికి సాగి, జూషాన్ ద్వీపాన్ని ఆక్రమించి, రాజధానికి సమీప తీరం వరకు వెళ్ళాయి. భయపడిన చక్రవర్తి, తానే పంపిన ప్రతినిధిపై తప్పు మోపి, 1840 శరదృతువులో లిన్‌ను పదవి నుండి తొలగించాడు. తరువాత వచ్చిన చీషాన్ సంధి ప్రయత్నాలు కూడా విఫలమయ్యాయి. 1842 ఆగష్టు 29న కుదిరిన నాన్‌కింగ్ సంధి ప్రకారం చైనా హాంగ్‌కాంగ్‌ను వదులుకొని, ఐదు రేవులను తెరిచి, 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు చెల్లించవలసి వచ్చింది. ఇందులో 60 లక్షలు హూమెన్ వద్ద నాశనమైన నల్లమందు ఖరీదు. నల్లమందు వ్యాపారాన్ని అదుపు చేసే షరతు మాత్రం సంధిలో ఏదీ లేదు.

ప్రవాసం

1841లో లిన్‌కు పశ్చిమ సరిహద్దున, నేటి షిన్‌జియాంగ్‌లోని ఇలి ప్రాంతానికి ప్రవాసశిక్ష పడింది. దారిలో జెన్‌జియాంగ్ వద్ద మిత్రుడు వెయ్ యువాన్‌ను కలుసుకొని, తాను అనువాదం చేయించిన భూగోళ, విదేశీ విషయాల ప్రతులను అతనికి అప్పగించాడు. వాటి ఆధారంగా వెయ్ యువాన్ రచించిన సముద్ర దేశాల సచిత్ర గ్రంథం చైనాలోను, తరువాత జపానులోను పాశ్చాత్య దేశాలపై అవగాహన కలిగించింది.

అంతలో కైఫెంగ్ వద్ద పసుపు నదికి గండిపడటంతో, అనుభవజ్ఞుడైన లిన్‌ను ఆ పనికి మళ్ళించారు. గండి పూడ్చిన తరువాత కూడా శిక్ష రద్దు కాలేదు. 1842 డిసెంబరులో ఈయన ఇలి చేరాడు. ప్రవాసంలో కూడా ఊరక కూర్చోలేదు. కాష్ నది నుండి కాలువ తవ్వించే పనిలో కష్టమైన భాగాన్ని తాను పూచీపడి నిర్వహించాడు. 1845లో దక్షిణ షిన్‌జియాంగ్ అంతా తిరిగి, సాగుకు అనువైన భూములను కొలిపించాడు. తుర్ఫాన్ ప్రాంతంలో భూగర్భ కాలువల ద్వారా నీరు పారించే కరేజ్ పద్ధతిని చూసి మెచ్చుకొని, దానిని విస్తరింపజేశాడు. అక్కడివారు ఆ బావులను లిన్ గారి బావులని పిలిచేవారు.

చివరి దినాలు

1845 చివరలో చక్రవర్తి ఈయనను క్షమించి వెనకకు పిలిపించాడు. షాన్‌షి రాష్ట్రపాలకునిగా, 1847 నుండి యున్నాన్, గ్వెయ్‌జౌ రాష్ట్రాల గవర్నరు జనరలుగా పనిచేశాడు. యున్నాన్‌లో ఉండగా భార్య జెంగ్ షూచింగ్ మరణించింది. 1849లో అనారోగ్యం వలన పదవీవిరమణ చేసి, 1850లో స్వస్థలమైన ఫూజౌ చేరాడు. ఆ సంవత్సరమే గ్వాంగ్‌షీ రాష్ట్రంలో తిరుగుబాటు రేగడంతో, ప్రభుత్వం ఈయనను మరల ప్రత్యేక రాజప్రతినిధిగా నియమించింది. ఆరోగ్యం సహకరించకున్నా బయలుదేరి, దారిలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని పూనింగ్ వద్ద 1850 నవంబరు 22న మరణించాడు. ప్రభుత్వం వెన్‌జోంగ్ అనే మరణానంతర బిరుదుతో గౌరవించింది. ఆధునిక నౌకానిర్మాణానికి చైనాలో పునాది వేసినవారిలో ఒకడైన షెన్ బావ్‌జెన్ ఈయన అల్లుడు.

లిన్ తరువాత నల్లమందు

రెండవ నల్లమందు యుద్ధకాలంలో, 1858లో, నల్లమందు దిగుమతి సుంకంతో చట్టబద్ధమయింది. 1880 ప్రాంతానికి ఏటా 80 వేల పెట్టెలకు పైగా దిగుమతి అయ్యేది. చైనాలోనే పంట వేయడం కూడా విపరీతంగా పెరిగింది. 1906లో చైనా ప్రభుత్వం పదేళ్ళలో వ్యసనాన్ని తొలగించే ఆజ్ఞ జారీచేసింది. 1907లో బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం భారతదేశపు ఎగుమతిని ఏటా పదో వంతు చొప్పున తగ్గించసాగారు. 1913లో చైనా కోసం అమ్మకాలు నిలిచిపోయాయి. 1909లో షాంఘైలో అంతర్జాతీయ నల్లమందు సంఘం సమావేశమయింది. దాని ఫలితంగా 1912లో హేగ్ నగరంలో మత్తుమందుల నియంత్రణకు మొదటి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఆ తరువాతి అంతర్యుద్ధాల కాలంలో చైనాలో వ్యసనం మరల విజృంభించి, 1950వ దశకం తొలి సంవత్సరాలలో జరిగిన కఠినమైన ఉద్యమంతో అణగిపోయింది.

అంచనా

లిన్ జెషును చైనాలో జాతీయ వీరునిగా గౌరవిస్తారు. విమర్శకులు మాత్రం ఆయన బ్రిటిషువారి సైనిక బలాన్ని తక్కువ అంచనా వేశాడని, దోషులను నిర్దోషులను వేరుచేయక విదేశీయులందరినీ నిర్బంధించడం యుద్ధానికి సాకు అయినదని చెబుతారు. వ్యసనపరులకు మరణశిక్షను సమర్థించడం నేటి వైద్య దృష్టికి గాని, మానవ హక్కుల దృష్టికి గాని సమ్మతం కాదు. నల్లమందు వాడిన వారందరూ వ్యసనపరులు కారని, మితంగా వాడినవారు కూడా ఉన్నారని కొందరు ఆధునిక చరిత్రకారులు వాదించారు.

అయినప్పటికీ ప్రజారోగ్య దృష్టితో చూస్తే ఈయన కృషిలో నేటికీ పనికివచ్చే అంశాలు ఉన్నాయి. హానిని గురించి ప్రజలకు తెలియజెప్పడం, మానుకోవడానికి గడువు ఇవ్వడం, చికిత్స అందించడం, సరఫరాను అరికట్టడం అనే నాలుగు పనులను ఒకే పథకంలో చేర్చాడు. చికిత్సకు పరదేశీ వైద్యుని సలహా అడగడానికి కూడా వెనుకాడలేదు. ఆయన పథకం దెబ్బతిన్నది రోగుల వద్ద కాదు. ఆ వ్యసనంపై ఒక ప్రభుత్వపు ఖజానా, వర్తకుల లాభం, లంచగొండి ఉద్యోగుల రాబడి ఆధారపడి ఉండటం వలన దెబ్బతిన్నది. పొగాకు, మద్యం వంటి వాటి విషయంలో ప్రభుత్వాలు ఒక చేత్తో పన్ను వసూలు చేస్తూ మరొక చేత్తో ఆసుపత్రులు నడుపుతున్న కాలంలో, ఈయన చరిత్ర ఇంకా ఆలోచింపజేస్తుంది.

స్మృతి చిహ్నాలు

* ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 1987 డిసెంబరులో చేసిన తీర్మానం ప్రకారం ప్రతి ఏటా జూన్ 26న మాదకద్రవ్యాల దుర్వినియోగ వ్యతిరేక దినోత్సవం జరుపుకుంటున్నారు. 1839 జూన్‌లో హూమెన్ వద్ద నల్లమందు నాశనం ముగియడాన్ని పురస్కరించుకొని ఈ తేదీ ఎంచుకున్నారని చెబుతారు.
* హూమెన్‌లో నల్లమందు యుద్ధ ప్రదర్శనశాల, ఫూజౌలోను మకావులోను లిన్ స్మారక మందిరాలు ఉన్నాయి.
* బీజింగులోని తియానన్‌మెన్ మైదానంలో ఉన్న ప్రజావీరుల స్తూపంపై హూమెన్ సంఘటన శిల్పంగా చెక్కబడింది.
* న్యూయార్కు నగరపు చైనాటౌన్‌లో 1997లో ఈయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.
* ఒక గ్రహశకలానికి (సంఖ్య 7145) లిన్ జెషు పేరు పెట్టారు.
* భారతీయ ఆంగ్ల రచయిత అమితవ్ ఘోష్ 2011లో ప్రచురించిన రివర్ ఆఫ్ స్మోక్ నవలలో 1839 నాటి కాంటన్ సంఘటనలు, లిన్ పాత్ర చిత్రితమయ్యాయి.